దాపు సూచిక

భీమిలిలో ఇళ్ళకు కింది అంతస్తు కట్టడం మానేసి అప్పటికి ముప్పై ఏళ్ళు దాటింది. కొత్త ఇళ్ళన్నీ స్తంభాల మీద నిలబడేవి. మెట్ల చివర, పూర్వం చెప్పులు విడిచే చోట, పడవ కట్టుకునే కొక్కెం ఉండేది. పోటు గంట మోగితే పిల్లలు పుస్తకాల సంచులు పట్టుకుని పడవల్లో బడికి వెళ్ళేవారు. ఆటు వేళ బురదలో నడిచి ఇంటికి వచ్చేవారు. ఆటుపోట్ల పట్టిక ప్రతి వంటింట్లో క్యాలెండరు పక్కనే వేలాడేది. పెద్దవాళ్ళు మాటల్లో బీచ్ రోడ్డు అన్నప్పుడు "సముద్రంలో రోడ్డెందుకు వేశారు?" అని పిల్లలు నిజంగానే అడిగేవారు.

ఆ రోడ్డు 2051 తుఫానులో కింద నేల జారి, ఇళ్ళతో, ప్రహరీ గోడలతో సహా సముద్రంలోకి దిగబడింది. ఇప్పుడది పన్నెండు మీటర్ల లోతున ఉంది. గేట్లకు పగడాలు పట్టాయి. కిటికీ ఊచల మధ్య చేపలు తిరుగుతున్నాయి. తీర జీవజాతుల కేంద్రంలో పనిచేసే డాక్టర్ సుభాషిణి ఆ రోడ్డు మీద ఇరవై ఏడేళ్ళుగా ఈదుతోంది. ఏ గోడకు ఏ నాచు పట్టిందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. కనీసం తాను చెప్పగలనని అనుకునేది.

2087 ఫిబ్రవరిలో, ఆమె పదవీ విరమణకు పన్నెండు రోజులు మిగిలి ఉండగా, యత్నదర్శిని తయారైంది.

చూడటానికి అది స్కూబా ముసుగు లాంటిదే. నుదుటి దగ్గర రెండు చిన్న కెమెరాలు, చెవి పక్కన, అడిగినదానికి జవాబిచ్చే బఠాణీ గింజంత స్పీకరు. దాన్ని తయారు చేసిన డాక్టర్ ఇంతియాజ్ తన పరికరం గురించి ఎవరడిగినా ఒకే మాటతో మొదలుపెట్టేవాడు. "రాయి, రాయిలా ఉండటానికి శ్రమ పడదు."

రాయిలా కనిపించాలనుకునే ప్రాణి మాత్రం ప్రతి క్షణం శ్రమ పడుతుంది. వెలుగు మారితే చర్మంలోని వర్ణకోశాలు రంగు సరిచేసుకోవాలి. నీరు కదిలితే ఒళ్ళు కదలకుండా బిగబట్టుకోవాలి. ఊపిరి తీసినట్టు తెలియకుండా తీయాలి. ఇవన్నీ మనిషి కంటికి అందనంత చిన్న దిద్దుబాట్లు. అంతకు ముందు వచ్చిన యంత్రాలు దాక్కున్న ప్రాణి రంగును, ఆకారాన్ని వెతికి ఓడిపోయాయి. యత్నదర్శిని వాటి జోలికి పోదు. దాక్కోవడానికి పడే శ్రమను మాత్రమే వెతుకుతుంది. అది దొరికిన చోట చుట్టూ పసుపు వలయం గీసి, పక్కన సున్నా నుంచి వంద వరకు ఒక అంకె వేస్తుంది. ఆ అంకెకు ఇంతియాజ్ దాపు సూచిక అని పేరు పెట్టాడు.

సుభాషిణికి ఆ పరికరం ఒకే ఒక్క పనికి కావాలి.

పదకొండేళ్ళ క్రితం ఆమె భర్త వాసుపల్లి దానయ్య ఆ మునిగిన రోడ్డు మీద లేనమ్మను చూశానని చెప్పాడు. లేనమ్మ అరచేతి కన్నా చిన్నదైన ఆక్టోపస్ జాతి ప్రాణి అని జాలర్లు చెప్పుకునేవారు. ఉన్నా లేనట్టే ఉంటుంది కనుక ఆ పేరు. శాస్త్రజ్ఞులెవరూ దాన్ని చూడలేదు. దానయ్య జాలరి ఇంట పుట్టి, పదిహేనేళ్ళకే నీటిలో దిగి, తర్వాత కేంద్రంలో డైవరుగా చేరినవాడు. అతను తెచ్చిన వీడియోను సుభాషిణి నలభై సార్లు చూసింది. అందులో గోడ తప్ప ఏమీ లేదు. భర్త మాట కనుక మరింత కఠినంగా ఉండాలనుకుంది. జీవజాతుల పట్టికలో లేనమ్మ ఎదురుగా "పొరపాటు. ఆధారం లేదు" అని రాసి సంతకం చేసింది.

దానయ్య వాదించలేదు. ఆధారం కోసం అదే చోట మరో ఎనిమిది సార్లు దిగాడు. తొమ్మిదోసారి పైకి వచ్చి, పడవలో కూర్చుని, ఒడ్డు చేరేలోపు గుండె ఆగి పోయాడు. హఠాత్తుగా జరిగిందని అందరికీ చెప్పింది సుభాషిణే.

పట్టిక నియమం ప్రకారం, తీర్పు రాసినవారే దాన్ని మార్చాలి. వారు విరమించాక ఆ తీర్పు అలాగే ఉండిపోతుంది. ఆమెకు పన్నెండు రోజులున్నాయి.

*

పడవ నడిపేది పోలయ్య. దానయ్య తమ్ముడు. అరవై దగ్గర పడ్డా తాడు ఒక్క లాగుడుకే ఇంజను స్టార్టు చేస్తాడు.

"వొదినా, ఈ బాబు నిన్నటేల నుండి నా ఇంజనుకేసే సూత్తన్నాడు. దానిక్కూడా కళ్ళద్దాలెట్టెత్తాడేటి?" అన్నాడు ఇంతియాజ్‌ను చూపిస్తూ.

"నీ ఇంజను దాక్కోదు కదా పోలయ్యా. రెండు మైళ్ళ అవతలికి వినిపిస్తుంది," అన్నాడు ఇంతియాజ్.

"మరదే. నిజాయితీ గల ఇంజను."

సుభాషిణి నడుముకు పోలయ్య తాడు కట్టాడు. మునిగిన గోడల మధ్య నీటి లాగుడు ఎక్కువ. అందుకని ఆ ఊళ్ళో తాడు లేకుండా ఎవరూ దిగరు. తాడు రెండో కొస పడవలో ఒకరు పట్టుకోవాలి. అలా పట్టుకున్నవారికి ఒక పద్ధతి ఉంది. దాన్ని పోలయ్య ఇంతియాజ్‌కు వివరించాడు.

"నీట్లోంచి లేచినోడు మొదట ఏ మాటంటే, తాడు పట్టినోడు అదే మాట తిరిగి అనాలి. సలేత్తందంటే, సలేత్తంది. ఆకలేత్తందంటే, ఆకలేత్తంది. మధ్యలో ప్రశ్నలెయ్యకూడదు."

"పైకి వచ్చి, పోలయ్య వట్టి సోంబేరి అంటే?"

"పోలయ్య వట్టి సోంబేరి అనాల. కొట్లాట ఒడ్డుకెల్లాక."

ఇంతియాజ్ నవ్వాడు. "ఎందుకా పద్ధతి?"

"సెవులు దిబ్బడేసి, తల తిరుగుతా వొస్తాడు బాబూ. తనన్న మాట పైకొచ్చిందో, నీట్లోనే ఉండిపోయిందో వోడికే తెలీదు. ఎవులో తిరిగి అంటేనే, అమ్మయ్య, మనుసుల్లోకి వొచ్చీసినాను అనుకుంటాడు."

"తిరిగి అనకపోతే?"

"మరింక ఆ మాట అనడు. నీటికి ఒదిలీసినట్టే."

సుభాషిణి ముసుగు తగిలించుకుంది. దానయ్య దిగిన తొమ్మిదిసార్లూ పోలయ్య ఇంజను దగ్గర ఉంటే, తాడు పట్టుకుంది ఆమే. ఈ పద్ధతి ఆమెకు పెళ్ళయిన కొత్తలోనే దానయ్య చెప్పాడు. ముచ్చటగా ఉందని నోటు పుస్తకంలో రాసుకుంది కూడా.

"మీ అన్నయ్య చూసిన గోడ దగ్గరికే తిన్నగా వెళ్తాను," అని పోలయ్య వైపు తిరిగింది. ముసుగులో పసుపు వలయం మెరిసింది. పోలయ్య ముఖం చుట్టూ. పక్కన డెబ్బై ఒకటి అన్న అంకె.

"ఇదేమిటి, పోలయ్య చుట్టూ వలయం గీస్తోంది?"

"మనుషుల మీద పరీక్షించలేదు మేడం. ఎండకి అలా పడుతుంటుంది. నీళ్ళలోకి దిగితే సర్దుకుంటుంది."

"నన్నేటి, సేప అనుకుందా?" అని పోలయ్య ఇంజను వైపు తిరిగిపోయాడు.

*

నీటిలో ఆమెకు తెలిసిన రోడ్డే వేరేలా కనిపించింది.

నాచు పట్టిన గేటు మీద వలయం వెలిగింది. అక్కడ ఆకులా వేలాడుతున్న చేప ఉంది. ఇసుకలో రెండు వలయాలు. మెట్ల మీద ఆరు. ఇరవై ఏడేళ్ళుగా రాళ్ళనుకున్నవి ఊపిరి తీస్తున్నాయి. "నలభై రెండు," "ముప్పై ఎనిమిది," "యాభై" అని యంత్రం చెవిలో మెల్లగా చెబుతోంది. సుభాషిణికి మొదట ఆశ్చర్యమేసింది, తర్వాత కొంచెం సిగ్గేసింది. ఎవరి ఇంట్లోకో తలుపు తట్టకుండా వెళ్ళినట్టుంది.

దానయ్య చెప్పిన గోడ ఒక పాత మేడ వరండాది. దానికి నీలం పువ్వుల పింగాణీ పలకలు వరుసగా అతికించి ఉన్నాయి. గోడ ముందు ఆగి చూసింది. ఏ వలయమూ లేదు. ఊపిరి బుడగలు పైకి పోతున్నాయి. ఆమె కదలకుండా వేచి ఉంది. అలా వేచి ఉండటం దానయ్య దగ్గర నేర్చుకున్నదే.

మేఘమేదో అడ్డొచ్చినట్టుంది, పైనుంచి వచ్చే వెలుగు తగ్గింది. గోడ మొత్తం ఒక్కసారిగా నల్లబడింది. ఒక్క పలక మాత్రం వెంట్రుకవాసి ఆలస్యంగా నల్లబడింది.

వలయం వెలిగింది. "తొంభై నాలుగు," అంది యంత్రం.

మూడో వరసలో ఒక పలక ఎప్పుడో ఊడిపోయింది. ఆ ఖాళీలో లేనమ్మ ఒదిగి ఉంది. ఊడిపోయిన పలక ఎలా ఉండేదో అలాగే ఉంది. నీలం పువ్వు, పువ్వు చుట్టూ సన్నని గీత, పింగాణీ మెరుపు, పక్క పలక మూలనున్న పగులు తనలోకి కొనసాగి ఆగిపోయిన తీరు. పువ్వు నడుమ ఆవగింజంత కన్ను. అది సుభాషిణిని చూస్తోంది.

"తొంభై ఏడు," అంది యంత్రం. పువ్వు అంచు వణికింది. "తొంభై ఎనిమిది."

తాను చూస్తున్నకొద్దీ అది మరింత కష్టపడుతోందని ఆమెకు అర్థమైంది. రికార్డు అయిన గుర్తు పడగానే ఆమె యంత్రాన్ని ఆపేసింది. వలయం పోయింది. గోడ మీద పలకలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఏ ఒక్కటీ తక్కువ కాలేదు.

ఆమె పైకి లేచింది. పడవ అంచు పట్టుకుని, నోటిలోని గొట్టం తీసి, "కనిపించింది" అంది.

పోలయ్య తాడును చేతికి మరో చుట్టు చుట్టుకున్నాడు.

"కనిపించింది," అన్నాడు.

అంతే. కానీ ఆ మాట తన నోటినుంచి వెళ్ళి మరొకరి నోటినుంచి తిరిగి రాగానే సుభాషిణికి ఒంట్లో ఏదో వదులైంది. నీటి చలి తగ్గింది. తాను చూసింది నిజమైంది. పదకొండేళ్ళ క్రితం ఇదే అంచు పట్టుకుని దానయ్య ఇదే మాట అన్నాడు. తను అప్పుడేమన్నదో గుర్తు తెచ్చుకోవాలని చూసింది. గుర్తు రాలేదు.

*

మధ్యాహ్నం కేంద్రంలో ఇంతియాజ్ ఉత్సాహంగా తిరుగుతున్నాడు.

"మేడం, యంత్రానికి కావలసింది బొమ్మలే. పాత వీడియోలైనా సరే. దానయ్య గారి రికార్డులు భద్రంగా ఉన్నాయి కదా? వాటిని దీనిలోంచి నడిపిద్దాం. అప్పుడే అందులో లేనమ్మ ఉంటే, మొదట చూసింది ఆయనే. పట్టికలో పేరు ఆయనదే పడుతుంది."

ఆమెకు కావలసిందీ అదే.

మొదటి వీడియో తెర మీద నడిచింది. నీలం పలకల గోడ. పన్నెండో సెకనులో మూడో వరస మీద వలయం పడింది. తొంభై ఒకటి. ఇంతియాజ్ చప్పట్లు కొట్టాడు. నలభై సార్లు ఏమీ లేదనుకున్న ఆ గోడలో అది నలభై సార్లూ ఉంది.

దానయ్య తల కెమెరా రికార్డు అక్కడితో అయిపోయింది. ఆ వెంటనే పడవ కమ్మీకి బిగించిన కెమెరా రికార్డు మొదలైంది. నీటిలోంచి లేచిన డైవరును నమోదు చేయడం కేంద్రం ఆనవాయితీ. తెర మీద దానయ్య తల పైకొచ్చింది. జుట్టు నుదుటికి అంటుకుని ఉంది. చిన్నపిల్లాడిలా ముఖమంతా నవ్వు.

"కనిపించింది," అన్నాడు.

"కెమెరాలో పడిందా?" అంది సుభాషిణి గొంతు, తెర వెనుకనుంచి.

దానయ్య ఒక్క క్షణం ఆగాడు. "పడే ఉంటాది," అన్నాడు.

ఇంతియాజ్ తల వంచుకుని మీటలేవో సర్దాడు. సుభాషిణి, "తర్వాతది పెట్టండి," అంది.

రెండు, మూడు వీడియోల్లో లేనమ్మ లేదు. నాలుగో దానిలోనూ లేదు. దానయ్య పైకొచ్చాడు. పడవ అంచు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"గుండెల్లో పట్టీసినట్టుంది," అన్నాడు. ఇంజను చప్పుడు వెనకనుంచి వస్తోంది. మాట చిన్నగా ఉంది, కానీ స్పష్టంగా ఉంది.

"లోతెంత?" అంది ఆమె గొంతు. కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది.

దానయ్య ఆమె వైపు చూశాడు. కొంచెంసేపు అలాగే చూశాడు. తర్వాత నవ్వాడు.

"పన్నెండు మీటర్లు," అన్నాడు.

ఆ నవ్వు చుట్టూ పసుపు వలయం వెలిగింది.

ఇంతియాజ్ ఆపబోయాడు. "ఉండనీయండి," అంది ఆమె.

ఐదో వీడియో. దానయ్య లేచి, "సల్లగా ఉన్నాయి నీళ్ళు," అన్నాడు. వలయం, ఎనభై రెండు. ఆరోది. జోకేదో వేశాడు. ఎనభై ఎనిమిది. ఏడోది, ఎనిమిదోది. ప్రతిదానిలో అతను నవ్వుతూనే ఉన్నాడు. ఎడమ చెయ్యి పడవ అంచు కింద, కెమెరాకు అందని చోట పెట్టుకుంటున్నాడు. ఊపిరి తీసినట్టు తెలియకుండా తీస్తున్నాడు. తొమ్మిదో దానిలో అంకె తొంభై తొమ్మిది. లేనమ్మకు కూడా అంత రాలేదు. ఆ తొంభై తొమ్మిది పక్కనుంచే అతను, "ఇయ్యాల కూర ఏటి?" అని అడిగాడు. తెర వెనుక ఆమె నవ్వింది.

రికార్డు అయిపోయింది.

"అతను ఎవరినుంచి దాక్కుంటున్నాడు?" అని సుభాషిణి యంత్రాన్ని అడిగింది.

"అది నేను చెప్పలేను," అంది యంత్రం. "దాపు మొదలైన క్షణం చెప్పగలను."

"చెప్పు."

"నాలుగో రికార్డు. 'లోతెంత' అన్న మాట పూర్తయిన రెండు సెకన్లకు."

ఇంతియాజ్ నేల వైపు చూస్తూ అన్నాడు. "మేడం, ఎవరైనా అలాగే అడుగుతారు. అది మీ పని."

"అవును. నా పనే," అంది ఆమె. "ఆ పని నేను బాగా చేశాను."

ఆ సాయంత్రమే పట్టిక తెరిచి, పొరపాటు అన్న మాట కొట్టేసింది. మొదట చూసినవారు అన్న గడిలో వాసుపల్లి దానయ్య అని రాసింది. కనిపించిన చోటు అన్న గడిలో భీమిలి తీరం అని మాత్రం రాసి, గోడ సంగతి రాయలేదు. సంతకం చేసింది. ఇన్నేళ్ళూ ఆ సంతకం కోసమే బతికినట్టు ఉండేది. పెట్టాక చూస్తే అది కేవలం ఒక సంతకం. "ఆధారం" అన్న గడి ఇంకా ఖాళీగా ఉంది. అక్కడ "ఆయన చెప్పాడు" అని రాసి, కాసేపు చూసి, పట్టిక మూసింది.

*

మర్నాడు పొద్దున్న పోటు గంట మోగాక ఆమె పోలయ్యను మళ్ళీ పడవ తీయమంది. ఇంతియాజ్‌ను పిలవలేదు. ముసుగు తేలేదు. సిలిండరూ తేలేదు.

"దిగవేటి మరి?" అన్నాడు పోలయ్య.

"దిగను. తాడు పట్టుకుంటాను."

గోడ ఉన్న చోటికి వచ్చాక ఇంజను ఆపేశాడు. తాడు కొసకు రాయి కట్టి నీటిలోకి వదిలాడు. రెండో కొస ఆమె చేతికిచ్చి, ఎదురుగా కూర్చున్నాడు. తాడు బిగిసింది, వదులైంది. కింద నీటి లాగుడు మామూలుగానే ఉంది. గోడలో ఒక పలక తన పని తాను చేసుకుంటూ ఉండి ఉంటుంది.

సుభాషిణి రెండు చేతులతో తాడు పట్టుకుని, నీటి వైపు వంగి, అవతలివారికి వినపడేటంత గట్టిగా అంది.

"గుండెల్లో పట్టీసినట్టుంది."

దానయ్య అన్నట్టే, అతని మాటతోనే అంది. ఆమె పుట్టిపెరిగింది వేరే ఊరు. ఆ యాస ఆమె నోట ఎప్పుడూ రాలేదు. ఇప్పుడు తడబడకుండా వచ్చింది.

పడవ మెల్లగా ఊగింది. తల ఎత్తి చూస్తే పోలయ్య ముఖం మారిపోయి ఉంది. నిన్న ఎండకి పడిందనుకున్న వలయం ఆమెకు గుర్తొచ్చింది. డెబ్బై ఒకటి.

"వొదినా," అన్నాడు. ఇంజను తాడు చేతిలోకి తీసుకుని వదిలేశాడు. మళ్ళీ అన్నాడు. "అన్న నాకు సెప్పినాడు. నీకు సెప్పొద్దన్నాడు."

ఎప్పుడు చెప్పాడు? డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళావా? పదకొండేళ్ళు నా ముందు ఎలా కూర్చున్నావు? ప్రశ్నలన్నీ ఒక్కసారే గొంతులోకి వచ్చాయి. ఒక్కొక్కటీ న్యాయమైన ప్రశ్నే.

చేతిలో తాడు ఉంది.

"నాకు చెప్పొద్దన్నాడు," అంది సుభాషిణి.

పోలయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఇంజనుకు వీపు ఆనించి, ఊపిరి పూర్తిగా వదిలి, మిగతాది చెప్పడం మొదలుపెట్టాడు.